ఎవరూ చదవని పేర్లు

9 ఫిబ్రవరి 1998

మామయ్యకు వందనాలు.

ఏడాదికి ఒక కార్డు ముక్క రాసే మనిషి ఇన్ని పేజీలు రాసిందేమిటా అనుకుంటారు. మీతో పనిపడింది, అదీ సంగతి. ఫోనులో అడుగుదామంటే మీ చెవులు సహకరించవు. పోయినసారి నేను "ఒంట్లో ఎలా ఉంది" అంటే మీరు "అవును, వంట నేనే చేసుకుంటున్నాను" అన్నారు.

బస్‌స్టేషన్‌లో తెలుగు ప్రకటనలకు మైకు ముందు కూర్చునే నా ఉద్యోగం పోయింది. మనిషిని తీసేశారు గానీ గొంతును ఉంచుకున్నారు. పంపించేముందు ఊళ్ల పేర్లు, ప్లాట్‌ఫారం అంకెలు అన్నీ నా చేత టేపులో చదివించారు. ఇప్పుడు అటువైపు వెళ్తే కింద నేను మూట పట్టుకుని నిలబడి ఉంటాను, పైన నేనే బస్సు బయలుదేరుతోందని చెబుతుంటాను.

ఆ గొంతు విన్న ఒకావిడ నన్ను ఇక్కడికి పిలిచింది. చూపు లేనివాళ్ల కోసం పరిశుద్ధ గ్రంథం మొత్తాన్ని కాసెట్లలోకి ఎక్కిస్తున్నారు. చదివేవాళ్లం పదకొండు మందిమి. కీర్తనలు ఒక పెద్దాయన పట్టుకుపోయాడు. యుద్ధాలు ఇద్దరు పంచుకున్నారు. రూతు కథ కోసం ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకోవడం మానేశారు. నేను ఆఖరున చేరినదాన్ని గనుక వంశావళులు నాకు మిగిలాయి. దినవృత్తాంతాలలో వరసగా తొమ్మిది అధ్యాయాలు, అన్నీ పేర్లే. ఫలానావాడు ఫలానావాణ్ని కన్నాడు, వాడు ఇంకొకణ్ని కన్నాడు. ఇంట్లో చదువుకునేటప్పుడు అందరూ పేజీ తిప్పేసే చోటు.

చదివే గదికి గోడల నిండా పాత పరుపులు కొట్టారు. తలుపు మూస్తే నా గుటక నాకే వినిపిస్తుంది. అద్దం అవతల టేపు యంత్రాల దగ్గర ఒకాయన కూర్చుంటాడు. పొద్దున పెట్టుకున్న హెడ్‌ఫోన్లు సాయంత్రం దాకా తియ్యడు. ఆయనకు నేను చెవులాయన అని పేరు పెట్టాను. పేరు తప్పు పలికితే ఆయనకు తెలియదు, తడబడితే మాత్రం ఇట్టే పట్టేస్తాడు.

మీరు బడిలో ఉపదేశకులు కాబోయేవాళ్లకు హెబ్రీ నేర్పారు కదా. ఈ పేర్లు ఎలా పలకాలో, వాటి అర్థం ఏమిటో రాస్తారా? అర్థం తెలిస్తే నోరు దానంతటదే తిరుగుతుంది. ముందు ఆడవాళ్ల పేర్లు కావాలి. ఆ మగమందలో అక్కడక్కడ ఒక్కొక్కరే ఉన్నారు. హజ్జెలెల్పోని, షెయెరా, అజూబా. ముఖ్యంగా అజూబా.

ఉత్తరం పైన రాసిన స్టూడియో చిరునామాకే పంపండి. ఇంటికంటే ఇక్కడికి త్వరగా అందుతాయి. మేం కులాసా.

మీ వాగుడుకాయ

20 ఫిబ్రవరి 1998

మా వాగుడుకాయకు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మొదటిసారి నీ కోసం, రెండోసారి పేర్ల కోసం, మూడోసారి ఏదో దాస్తున్నావని అనుమానం వచ్చి. నాకు చెవులు పోయాయి గానీ వరసల మధ్య చదివే కళ్లు పోలేదు.

ముందు పాఠం. హజ్జెలెల్పోనిలో రెండు మాటలున్నాయి. ఒకటి నీడ, రెండోది తిరగడం. "నావైపు తిరిగి నీడనివ్వు" అని కొందరు చెబుతారు. ముగ్గురు అన్నదమ్ముల పేర్లు రాశాక, వీళ్ల చెల్లెలి పేరు ఇది అని ఒక్క ముక్క చేర్చాడు రాసినవాడు. ఆమె ఏం చేసిందో, ఎవరికి నీడ అయిందో చెప్పలేదు. 'జ్జె' మీద ఆగు, 'పోని'ని తేలిగ్గా వదిలెయ్.

షెయెరా మామూలు మనిషి కాదు. ఊళ్లు కట్టించింది. అంత పెద్ద జాబితాలో ఊళ్లు కట్టించిన ఆడకూతురు ఆమె ఒక్కతే. ఆమె సంగతి చెప్పినప్పుడల్లా మీ అత్తయ్య, "ఊళ్లు కట్టించింది సరే, మనకు వంటింటి కప్పు ఎప్పుడు వేయిస్తారు" అనేది. కప్పు వేయించేసరికి ఆమె లేదు. నాలుగేళ్లయింది. ఆ కొత్త కప్పు కింద నేను గంజి కాచుకుంటున్నాను.

అజూబా అంటే విడిచిపెట్టబడినది. ఆ పేరు మాత్రం మనకు వద్దు. అర్థం సంగతి అలా ఉంచితే, ఆవిడ చనిపోగానే మొగుడు ఇంకో పెళ్లి చేసుకున్నాడని తర్వాతి వచనమే చెబుతోంది.

ఇక నా అనుమానం. పేర్లు అడిగావు. అందులోనూ ఆడపిల్లల పేర్లే అడిగావు. నిన్ను ఎత్తుకుని తిప్పినవాణ్ని, నాకు తెలియదా? నేను ఊహించింది నిజమేనా? ఎన్నో నెలో రాయనే లేదు. ఆరోగ్యం జాగ్రత్త. అల్లుడికి నా ఆశీస్సులు చెప్పు. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఎంతసేపూ పైకీ కిందకీ తిరుగుతుంటాడు, వేళకు తింటున్నాడా?

మామయ్య

6 మార్చి 1998

మామయ్యకు వందనాలు.

మీ ఊహ నిజమే. నేను మొదటి నుంచి ఇందులో ఉన్నాననుకున్నట్టున్నారు, అందుకే ఎన్నో నెల అని అడిగారు. మూడో నెల నడుస్తోంది. ఆగస్టుకల్లా అయిపోవాలి. మొదట్లో భయపడ్డాను, పోయినవాటిలాగే ఇదీ చేతికందక పోతుందేమోనని. ఇప్పుడు కుదుటపడింది. అలసట మాత్రం ఉంది. నిలబడి ఉండటంతో సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. పాలు తాగితే గొంతులో జిగురు పడుతుందని మానేశాను. ఎవరికీ చెప్పకండి, పూర్తయ్యాక నేనే చెబుతాను.

మీరు రాసినట్టు 'జ్జె' మీద ఆగాను. చెవులాయన అద్దం అవతల నుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. ఈ ఊళ్లో నేను తెలుగులో నోరు విప్పేది ఆ పరుపుల గదిలోనే. బయట వేరే భాష, అదీ "ఎంత", "ఎక్కడ", "చాలు" వరకే. రోజంతా మూడువేల ఏళ్ల కిందటి వాళ్ల పేర్లు పిలిచి బయటకు వస్తాను. దారిలో నన్ను పిలిచేవాళ్లు ఉండరు.

ఇంకొక పేరు అడగాలి. రెండో అధ్యాయంలో సెలెదు. నాదాబు కొడుకులు ఇద్దరు, సెలెదు, అప్పయీము. సెలెదు బిడ్డలు లేకుండా చనిపోయాడు అంతే. అప్పయీము దగ్గర నుంచి వంశం మళ్లీ నడుస్తుంది. ఆ పేరుకు అర్థం ఏమిటి? బిడ్డలే లేనివాణ్ని ఎవరు ఎవరిని కన్నారో చెప్పే జాబితాలో ఎందుకు రాశారు?

మీ వాగుడుకాయ

18 మార్చి 1998

చిట్టితల్లికి,

మూడో నెల! ఆగస్టు! కాళ్లు వాస్తున్నాయని తెలిశాక కూడా నిలబడే పని ఎందుకు చేస్తున్నావు? కుర్చీ అడుగు. పాలు మానడానికి వీల్లేదు, గొంతు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

రెండేళ్ల కిందట నిలవలేదని నువ్వు కార్డు మీద ఒక్క వాక్యం రాసినప్పుడు నేను తిరిగి ఏం రాశానో నాకు గుర్తుంది. ఓదార్పు మాటలు నాలుగు ఎత్తి రాశాను, అంతే. వచ్చి చూడవలసింది. అప్పుడు మీ అత్తయ్య పోయి రెండేళ్లు, నేను గుమ్మం దాటే స్థితిలో లేను. ఆ లోటు ఈసారి తీర్చుకుంటాను.

ఎవరికీ చెప్పవద్దన్నావు, చెప్పను. అల్లుడు పరాయివాడు కాదు గనుక అతనికి మాత్రం నిన్ననే మీ ఇంటి చిరునామాకు వేరే ఉత్తరం రాశాను. నిన్ను నిలబడే పని చెయ్యనివ్వవద్దని గట్టిగానే రాశాను. సంబంధం తెచ్చినవాణ్ని, ఆ మాత్రం చనువు ఉంది.

సెలెదు సంగతి మరోసారి మాట్లాడుకుందాం. ఇప్పుడు అలాంటివి తలచుకోకూడదు.



మామయ్య

2 ఏప్రిల్ 1998

మామయ్యకు,

నిన్న మధ్యాహ్నం చదువుతుండగా చెవులాయన టేపు ఆపి తలుపు వైపు చూపించాడు. మా ఆయన నిలబడి ఉన్నారు. పని బట్టలు, చేతికి గ్రీజు, ఆ చేతిలో స్టూడియో పేరున్న మీ ఉత్తరం. పద్నాలుగు నెలల తర్వాత ఆయన్ని చూడటం అదే.

ఆ ఉత్తరం నా చేతికిచ్చి, "నాకెందుకు రాశారో తెలియలేదు" అన్నారు. నా పొట్ట వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నారు. నేను చదివేలోపే వెళ్లిపోయారు. ఆయన ఏం అనుకుని ఉంటారో ఒక్క క్షణం ఆలోచించండి. మీరు ఆశీర్వదించిన ఆ బిడ్డ ఎవరి బిడ్డ అనుకోవాలి ఆయన?

పేర్లు పని కోసమే కాక నా కోసం కూడా అడిగానని మీరు ఊహించారనుకున్నాను, మూడో నెల అన్నది ఈ పనికి. ఆగస్టులో అయిపోయేది ఈ కాసెట్లు. నాకు కడుపూ లేదు, కాపురమూ లేదు. తాళాలు బాగుచేసే కొట్టు మీద ఒక గది తీసుకుని ఉంటున్నాను. అందుకే స్టూడియో చిరునామా ఇచ్చాను. అడిగినప్పుడు చెప్పనిది నా తప్పే. అడగకుండా రాసింది మీ తప్పు.

ఇంత దూరం వచ్చాక మిగిలింది కూడా వినండి. నిలవలేదు అని రాశాను, అది అబద్ధం. తొమ్మిది నెలలూ నిండాయి. ఆడపిల్ల. తెల్లవారుజామున పుట్టింది, మధ్యాహ్నం భోజనాల వేళకు పోయింది. నన్ను ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ఇంటికి వచ్చేసరికి ఉయ్యాల లేదు, బట్టలు లేవు, అన్నీ ఆయనే తీసేశారు. పాప ఎక్కడ అంటే "అయిపోయింది" అన్నారు. ఆస్పత్రివాళ్లే చూసుకున్నారనుకున్నాను. మళ్లీ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆస్పత్రి కాగితంలో నా పేరు కింద 'ఆడ శిశువు' అని ఉంది, అంతే.

ఆ తర్వాత ఆయన నన్ను పేరుపెట్టి పిలవడం కూడా మానేశారు. ఒక ఇంట్లో ఉంటూ, కూర కావాలంటే గిన్నె జరపడం, బయటకు వెళ్తుంటే చెప్పులు చప్పుడు చెయ్యడం. ఏడాది అలా ఉన్నాం. ఒకరోజు పెట్టె సర్దుకున్నాను. ఆయన ఆపలేదు. పెట్టె బరువుగా ఉందని కింద దాకా మోసుకొచ్చారు.

మీ మేనకోడలు

15 ఏప్రిల్ 1998

అమ్మాయికి,

నన్ను క్షమించు. ముసలితనంలో మనిషికి ఒకే కోరిక ఉంటే, ఏ మాట విన్నా ఆ కోరికే వినిపిస్తుంది. అల్లుడికి కూడా క్షమించమని రాశాను. తప్పు నాదనీ, నువ్వు అన్నది పని గురించేననీ విడమరచి రాశాను.

సెలెదు గురించి అడిగితే దాటేశాను. నిన్ను చూసి దాటేశాననుకుంటున్నావేమో, కాదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ అధ్యాయం పాఠం చెప్పాను. ప్రతి ఏడూ ఆ వచనం దగ్గరకు వచ్చేసరికి కళ్లజోడు తుడుచుకుని తర్వాతి దానికి వెళ్లిపోయేవాణ్ని. ఒక ఏడు ఒకడు లేచి, "అయ్యగారూ, ఒకటి వదిలేశారు" అన్నాడు. ఈ రోజుకు చాలని పుస్తకం మూసేశాను. వాడికేం తెలుసు, నేనూ మీ అత్తయ్యా ఆ వచనంలోనే కాపురం చేస్తున్నామని.

నీకు మూడేళ్లప్పుడు నిన్ను పెంచుకుంటామని మీ అమ్మను అడిగాం. నేను అడగలేక వీధి అరుగు మీద కూర్చున్నాను, మీ అత్తయ్యే అడిగింది. మీ అమ్మ కోప్పడలేదు. "ఒక్కతే కదా వదినా" అంది. మేం నీ చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టి బస్సెక్కాం. మూడు గంటల ప్రయాణంలో ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. మర్నాడు మీ అత్తయ్య చాకలి పద్దు రాస్తూ మామూలుగా మాట్లాడింది, నేనూ మామూలుగా జవాబు చెప్పాను. తర్వాత ఇరవై ఏళ్లు మామూలుగానే మాట్లాడుకున్నాం. ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడుకున్నాం.

అందుచేత మాట్లాడని ఇంటి సంగతి నాకు తెలియనిది కాదు.

సెలెదు అన్న పేరుకు ధాతువు గ్రంథమంతటిలో ఇంకొక్క చోటే కనిపిస్తుంది. ఖాయంగా ఎవరికీ తెలియదు. సంతోషంతో ఎగిరి గంతు వేయడం అని కొందరి మాట. వాళ్ల అమ్మానాన్నలు వాడు పుట్టినప్పుడు గంతులే వేసి ఉంటారు.

మామయ్య

11 మే 1998

అమ్మాయికి,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. రాయకపోవడం నీ హక్కు. నేను రాస్తూనే ఉంటాను.

నిన్న అల్లుడి ఉత్తరం వచ్చింది. నోటు పుస్తకం కాగితాలు మూడు, రెండు వైపులా. అంత మాట్లాడతాడని నేను ఎన్నడూ అనుకోలేదు. పెళ్లిచూపుల్లో కూడా ఫ్యాను చప్పుడు చేస్తోందని తప్ప ఇంకేమీ అనలేదు కదా. అందులో పాప గురించి ఒక సంగతి ఉంది. అది నేను చెప్పవలసింది కాదు. ఒకసారి పరాయి ఉత్తరంలో తలదూర్చి చెయ్యి కాల్చుకున్నాను. అతన్నే అడుగు. ఆ ఆరు రోజులూ ఏం జరిగిందని అడుగు.

నువ్వు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇన్నాళ్లకు ఆలోచించాను. ఆ జాబితాలు రాసుకున్నది రాజ్యం పోగొట్టుకుని, పరాయి దేశంలో రెండు తరాలు గడిపి, కూలిపోయిన ఊరికి తిరిగివచ్చినవాళ్లు. ఇంటి గోడలు లేవు, పొలానికి గట్లు లేవు. ఎవరు ఎవరి బిడ్డో తేల్చుకోవడానికి పేర్ల పట్టీ ఒక్కటే ఆధారం. అందులో తన పేరు దొరకక పక్కకు నిలబడవలసి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అలాంటప్పుడు రాసేవాడు పనికివచ్చే పేర్లే రాసుకోవాలి. సెలెదు పేరు తీసేస్తే వంశం ఎక్కడా తెగదు, ఆస్తి ఎవరికీ తగ్గదు. అయినా రాశాడు. నాదాబుకు ఇద్దరు అన్నాడు గాని ఒక్కడే అనలేదు. అంతకంటే కారణం నాకు కనిపించలేదు. ఇద్దరు పుట్టారు గనుక ఇద్దరని రాశాడు.

మామయ్య

23 మే 1998

మామయ్యకు,

రాయకూడదనే అనుకున్నాను. మీరు ఆపరని తెలిసి రాస్తున్నాను.

ఆయన మూడు కాగితాలు మీకు రాశారు. నాకు రెండేళ్లలో మూడు మాటలు చెప్పలేదు. అందులో ఏముందో నేను ఊహించగలను. డాక్టరు నన్ను బస్‌స్టేషన్ మెట్లు ఎక్కవద్దన్నాడు, నేను చివరి వారం దాకా పనికి వెళ్లాను. ఆ సంగతి ఆయన మనసులో ఉందని నాకు ఎప్పుడూ తెలుసు. ఇప్పుడు కాగితం మీద పెట్టి మీకు పంపారు, అంతే కదా. అది వినడానికా నేను వెళ్లి తలుపు కొట్టాలి?

మొన్న సెలెదు వచనం చదివాను. అంటే చదవబోయాను. పేరు దాకా బాగానే వస్తోంది, 'బిడ్డలు లేకుండా' దగ్గర ఆగిపోతున్నాను. పద్దెనిమిదిసార్లు తీశారు. పలకడం రావడం లేదేమోనని చెవులాయన ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో 'సె-లె-దు' అని రాసి అద్దానికి అతికించాడు. పాపం మంచివాడు. ఆ వచనాన్ని వదిలేసి ముందుకు వెళ్లాం. టేపులో అక్కడ ఖాళీ ఉంది.

ఆయన ఉత్తరం మీ దగ్గరే ఉంచుకోండి.

మీ మేనకోడలు

3 జూన్ 1998

అమ్మాయికి,

అందులో నీ మీద ఒక్క మాట లేదు. మెట్ల ప్రసక్తే లేదు. ఉన్న నిందంతా అతను తన మీదే వేసుకున్నాడు.

నేను నిన్ను ఎన్నడూ ఆజ్ఞాపించలేదు. ఇప్పుడు ఆజ్ఞాపిస్తున్నాను. వెళ్లు.

మామయ్య

28 జూన్ 1998

మామయ్యకు వందనాలు.

మీరు అడగబోయేవి ముందే చెప్పేస్తాను. నేను ఇంటికి తిరిగి వెళ్లలేదు. ఆయన రమ్మని అనలేదు. తాళాల కొట్టు మీది గదిలోనే ఉన్నాను. ఆయన ఇప్పటికి రెండుసార్లు వచ్చారు. ఒకసారి కిటికీ రెక్క బిగించి వెళ్లారు, ఒకసారి ఊరికే కూర్చుని వెళ్లారు. రేపు ఏమవుతుందో నాకు తెలియదు, ఆయనకూ తెలిసినట్టు లేదు. సెలెదు వచనం మాత్రం మొన్న సోమవారం రికార్డు అయింది. ఒక్కసారికే వచ్చింది. చెవులాయన కాగితం పీకేసి జేబులో పెట్టుకున్నాడు.

ఇక జరిగింది చెబుతాను.

ఒక శనివారం పొద్దున వెళ్లాను. తలుపు తీశారు. లోపలికి రమ్మనకుండా అలాగే నిలబడ్డారు. ఆ ఆరు రోజులూ ఏం జరిగిందో చెప్పమని అడిగాను. చెబుతారనుకున్నాను. చొక్కా తొడుక్కుని వచ్చి, "పద, చూపిస్తాను" అన్నారు. రెండు బస్సులు మారాం. రెండోదాంట్లో సీట్లు దొరక్క ఒకే కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. ఊరి చివర దిగితే ఎదురుగా సమాధుల తోట. పాప ఈ ఊళ్లోనే ఎక్కడో ఉందని నాకు అంతవరకూ తెలియదు మామయ్యా.

గేటు పక్కన చిన్న ఆఫీసు. బల్ల, ఇనుప బీరువా, గోడకు నీళ్ల మరక. లావు కళ్లద్దాల తెలుగు గుమస్తా ఒకాయన తేదీ అడిగి పెద్ద రిజిస్టరు తీశాడు. వేలితో వరసలు దిగుతూ వచ్చి ఒకచోట ఆగి పేరు చదివాడు. అది నా పేరు. నన్నే పిలుస్తున్నాడనుకుని, "నేనే, చెప్పండి" అన్నాను. ఆయన కళ్లద్దాల మీదుగా నన్ను వింతగా చూశాడు. మా ఇద్దరినీ అక్కడ వదిలి, ఏదో పని ఉన్నట్టు బయటకు వెళ్లాడు.

మా ఆయన గోడ వైపు చూస్తూ చెప్పారు.

"పేరు లేనిదే పుస్తకంలో రాయం అన్నారు. మనం ఏ పేరూ అనుకోలేదు కదా, పుట్టాక చూద్దామన్నావు. చేతుల్లో పాప ఉంది. వెనక ఇంకెవరో నిలబడి ఉన్నారు, తొందర పెడుతున్నారు. నాకు ఒక్క పేరూ తోచలేదు. నీ పేరు చెప్పాను."

గోడ మీది నీళ్ల మరకను గోటితో గీస్తూ మళ్లీ అన్నారు.

"నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు. నీకూ జ్వరం దిగలేదు. బతికున్న మనిషి పేరు తీసుకెళ్లి ఇక్కడ రాయించాను. బయటకు వచ్చాక ఏం చేశానో తెలిసింది. నీకేమైనా అయితే నా వల్లే అనుకున్నాను. ఆ తర్వాత నిన్ను పేరుపెట్టి పిలుద్దామంటే నోరు వచ్చేది కాదు. పిలిస్తే ఎవరిని పిలిచినట్టు?"

రెండేళ్లు నేను ఇంకోలా అనుకున్నాను. పిలవడం ఇష్టం లేక పిలవడం లేదనుకున్నాను. గ్రంథం అంచున అజూబా అర్థం చూసి నా పేరే అనుకుని, నిజమేనా అని మిమ్మల్ని అడిగాను.

రిజిస్టరు నా వైపు తిప్పుకుని చూశాను. పేరు, నా పేరు. వయసు దగ్గర 'ఒక పూట' అని ఉంది. తండ్రి పేరు. తల్లి పేరు, మళ్లీ నా పేరే. ఆయన చెప్పినదాన్ని ఆ గుమస్తా ఒకే సిరాతో ఒకే వరసలో రెండుసార్లు రాసుకున్నాడు. కింద సంతకం మా ఆయనది, చివరి అక్షరం గడి దాటి కాగితం అంచు దాకా పోయింది.

తర్వాత తోటలోకి వెళ్లాం. పిల్లల వరస వెనక గోడ దగ్గర ఉంది. గుర్తుకు ఒక ఇటుక పాతారు. ఆయన వంగి దాని చుట్టూ గడ్డి పీకారు, చూడకుండానే పీకేస్తున్నారు, అలవాటైన చేతులు. ఎన్నిసార్లు వచ్చారని నేను అడగలేదు. నేను కూడా కూర్చుని పీకాను. చాలాసేపు కూర్చున్నాం. నేను ఏడ్చాను. ఆయన కూడా ఏడ్చారు గానీ, ఇద్దరం వేరువేరుగా ఏడ్చాం, ఒకరి పక్కన ఒకరం.

తిరిగి వస్తుంటే ఆఫీసు దగ్గర గుమస్తా ఆపాడు. ఇటుక తీసేసి రాయి వేయించుకోవచ్చట, రాయి మీద చెక్కవలసింది కాగితం మీద రాసివ్వమన్నాడు. ఆయన కలం తీసి నాకిచ్చారు. రాశాను. పేరు ఒక్కటే రాశాను, తేదీ కూడా వద్దనిపించింది. గుమస్తా ఆ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివి, ఇందాకటిది గుర్తొచ్చిందేమో, "ఈ పేరు మీదేనా అమ్మా?" అని అడిగాడు.

"మా అమ్మాయిది" అన్నాను.

ఉంటాను మామయ్యా.